ఎడమ అంచు

విహంగి నౌక గత పద్నాలుగు నెలలుగా పరిశీలించిన నాలుగు వేల మూడు వందల ఫోటోల్లో అయో ఎడమ అంచున ఒక్కటంటే ఒక్క అగ్నిపర్వతం కూడా పొగ చిమ్మలేదని మంగళవారం ఉదయం పదిన్నరకు వకుళ కనిపెట్టింది. ఆమె ముందున్న తెరమీద మాత్రం, సరిగ్గా ఆ ఎడమ అంచునే, మూడు వందల కిలోమీటర్ల ఎత్తున పొగ గొడుగులా విచ్చుకుని ఉంది.

ఆమె కుర్చీ వెనక్కి నెట్టింది.

"దేవదానం, ఇట్లా ఒకసారి రా."

పక్క గదిలోంచి టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు దేవదానం. నౌకకు వెళ్లే ప్రోగ్రాములన్నీ ఎక్కించేది అతనే. ముప్పై ఏళ్లు లేవు. నోటి దురుసు ఎక్కువ, పని అంతకన్నా ఎక్కువ.

"ఇదేంది చెప్పు."

"పొగే కదక్కా. గుడ్డోడికైనా కనబడతాది."

"కన్ను ఏమందో చదువు."

ఫోటో కింద సన్నటి అక్షరాల్లో ఒకే మాట ఉంది: ఏమీ లేదు. దేవదానం గ్లాసు పెదవుల దాకా వెళ్లి ఆగిపోయింది.

ఓర్వకల్లు రాళ్లగుట్టల మధ్య కట్టిన ఆ కేంద్రంలో 'కన్ను' అంటే ఒక్కటే అర్థం. గురుగ్రహం చుట్టూ తిరిగే చంద్రుళ్లలో అయో ఒకటి. దానిమీద వందల అగ్నిపర్వతాలు నిత్యం రగులుతుంటాయి. గంధకపు పొగ వందల కిలోమీటర్లు ఎగిసిపడుతుంది. ఆ పొగలో ఇసుక రేణువంత ధూళి తగిలినా, నౌక వేగానికి అది తుపాకీ గుండుతో సమానం. ఏ పొగ ఎప్పుడు లేస్తుందో తెలియదు. ఇక్కడి నుంచి కబురు వెళ్లడానికి ముప్పావు గంట పడుతుంది. కాబట్టి నౌక తనంతట తానే చూసుకుని తప్పుకోవాలి.

చూడటమే కష్టం. గురుగ్రహపు రేడియేషన్ దెబ్బకు ప్రతి ఫోటోలోనూ ఆవాలు చల్లినట్టు తెల్లచుక్కలు పడతాయి. వాటి వెనక పొగ, వేడి పాలమీది ఆవిరిలా పలచగా ఉంటుంది. ఎన్ని ప్రోగ్రాములు రాసినా చుక్కలను పొగనీ, పొగను చుక్కలనీ పొరబడ్డాయి. పొరబడని వాడు కేంద్రం మొత్తంలో ఒక్కడే ఉన్నాడు. ఆయన కమలాకరాచారి.

ఆచారిది ఆదోనిలో కంసాలి కుటుంబం. పదో తరగతితో చదువు ఆపి, ఫోటోలు కడిగే సహాయకుడిగా చేరాడు. గీటురాయి మీద బంగారపు గీత చూసి వన్నె చెప్పే కన్ను ఆయనది. ఫోటో ఇలా పెడితే అలా పొగను చూపించేవాడు. ఎలా చూశారని అడిగితే చెప్పలేకపోయేవాడు. చివరికి, ఆయన చెప్పలేనిదాన్ని ఆయన కళ్లనుంచే పట్టుకునే కళ్లద్దాలు తయారుచేశారు. ఆయన పాత నౌకల ఫోటోలు చూస్తూ ఉంటే చూపు ఎక్కడికి వెళ్లింది, ఎక్కడ నిలిచింది, ఎక్కడ తడబడింది అన్నదంతా ఆ అద్దాలు రాసుకునేవి. ఆ రాతతో యంత్రానికి చదువు చెప్పారు. అలా ఒక మనిషి చూపును ముద్దగా చేసి ఎనభై కోట్ల కిలోమీటర్ల అవతలికి పంపారు. కాగితాల మీద దానికి పెద్ద పేరే ఉంది. అందరూ పిలిచేది మాత్రం ఆచారి కన్ను అని.

"శనివారం పదకొండు గంటలకు విహంగి అయోకు రెండు వందల కిలోమీటర్ల దగ్గరగా పోతుంది. ఏ వైపు నుంచి?" అంది వకుళ.

దేవదానం గ్లాసు బల్లమీద పెట్టాడు.

"ఎడమ వైపు నుంచే."

*

డైరెక్టర్ సుచరిత గదిలో నలుగురు కూర్చున్నారు. బల్లకు అటు సుచరిత, ఇటు మధ్యలో ఆచారి, ఆయనకు కుడివైపు వకుళ, ఎడమవైపు దేవదానం.

"నౌకను ఇంకా ఎత్తులోంచి పోనిస్తే?" అని అడిగింది సుచరిత.

"ఇంధనం చాలదు మేడం. ఈ మలుపు దగ్గరగా తిరగకపోతే నేరుగా గురుగ్రహంలో పడుతుంది. పోక తప్పదు. చూసుకుని పోవాలి, అంతే," అంది వకుళ.

"కన్ను ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"మొదటి మూడు నెలలు బాగానే చూసింది. ఎడమ అంచున పందొమ్మిది పొగలు పట్టింది. విహంగి తీసిన అసలు ఫోటోలు వచ్చాక సార్ చేత రెండో పాఠం చెప్పించి పంపాం కదా. అది ఎక్కించిన రోజు నుంచి ఎడమన ఒక్కటీ లేదు. నౌక మనకు పంపేది కన్ను గుర్తుపెట్టిన ముక్కల్నే. పూర్తి ఫోటో ఎప్పుడో ఒకటి వస్తుంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు."

"రెండో పాఠం ఎక్కించింది ఎవరు?"

"నేనే మేడం," అన్నాడు దేవదానం.

సుచరిత తన ముందున్న కాగితాన్ని అతని వైపు జరిపింది. ఆ పాఠం ఎక్కించిన వారంలోనే అతను ఆమెకు రాసిన ఉత్తరం అది. పరిశోధన పత్రంలో అతని పేరు తీసేసినందుకు కోపంతో రాశాడు. కింద ఒక వాక్యానికి గీత గీసి ఉంది: ఈ కన్ను గుడ్డిదైపోతే అప్పుడు తెలుస్తుంది మీకు నా విలువ.



"కోపంలో రాసినా మేడం. మా నాయన తిట్టినా నేనిట్లే మాట్లాడతా. కానీ పని చెడగొట్టే మనిషిని కాదు. సీసాలో పోసిచ్చిన దాన్ని మోసినవాణ్ణి నేను. లోపలేముందో నాకేం తెలుసు?" దేవదానం పక్కకు తిరిగాడు. "సార్, మీరన్నా చెప్పండి. రెండో పాఠం అప్పుడు నెలన్నర మీ పక్కనే కూర్చున్నా కదా."

ఆచారి ఎదుటి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆయన ముఖం అటు తిరగలేదు.

"సార్," అన్నాడు దేవదానం మళ్లీ.

ఆచారి లేచి, కళ్లద్దాలు తుడుచుకుంటూ బయటికి వెళ్లిపోయాడు.

దేవదానం మెడలో కార్డు తీసి బల్లమీద పెట్టాడు. "కారణం తేలేదాకా నౌకకు ఒక్క కబురు కూడా పోకూడదు. లోపల ఇంకేం పెట్టాడో తెలియదు," అంది సుచరిత. తర్వాత వకుళ వైపు తిరిగింది. "సోమవారానికి రిపోర్టు కావాలి. బాధ్యుడి పేరుతో సహా."

*

బుధవారమంతా వకుళ ప్రోగ్రామును వరసవరసగా చదివింది. ఎక్కడా ఎవరి చేయీ పడిన జాడ లేదు. దేవదానం తను చెప్పినట్టే సీసా మోసినవాడు. ల్యాబులో ఉన్న కన్ను నకలుకు ఎడమన దొంగ పొగలు గీసి చూపించింది. ఏమీ లేదు, ఏమీ లేదు, ఏమీ లేదు అంది. అదే పొగను కుడికి జరిపితే టక్కున పట్టుకుంది.

గురువారం ఉదయం దేవదానానికి ఫోన్ చేసింది.

"ఏం చేస్తాండావు?"

"మా బామ్మర్ది సెల్ షాపులో కూర్చుని పగిలిన అద్దాలు మారుస్తాండా అక్కా. మా యమ్మ అడుగుతాంది, రాకెట్టు కూలిపోయిందా నాయనా అని. రాకెట్టు బాగుంది, కూలింది నేనే అన్నా. సార్ ఎందుకక్కా ఒక్క మాట మాట్లాడలేదు?"

అది అడగడానికే వకుళ కర్నూలులో ఆచారి ఇంటికి బయలుదేరింది.

ఆచారి బుధవారం నుంచి సెలవు పెట్టాడు. ఆమె వెళ్లేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ. ఆచారి భార్య రాజేశ్వరమ్మ గుమ్మంలోనే చేయి పట్టుకుంది.

"పన్నెండేళ్ల నుంచి చెప్తాండా, గురువారం రావే, విస్తట్లో తిందువు గానీ అని. ఇప్పటికి దొరికినావు. మాటలు తర్వాత."

గురువారం అరిటాకులో తినడం ఆ ఇంట్లో మూడు తరాల ఆనవాయితీ. ఆకు పరిచే విషయంలో రాజేశ్వరమ్మ పెట్టే ఆంక్షలు కేంద్రంలో అందరికీ తెలుసు. వకుళ తన ఆకు తానే పరుచుకుంటుంటే చేతిమీద చిన్నగా కొట్టింది.

"కొస ఎడమకుండల్ల. రాకెట్లు నడిపేదానివి, ఆకు పరిచేది రాదా? కొస కుడికి తిప్పేది ఎవరికి, చచ్చినోళ్లకి."

నవ్వుతూ సర్దుకుంది వకుళ. ఎదురుగా ఆచారి కూర్చున్నాడు. రెండు రోజుల్లో పదేళ్లు మీద పడినట్టున్నాడు. కుడివైపు వంకాయ కూర, పప్పు, ఎడమవైపు ఉప్పు, గోంగూర పచ్చడి, ఊరమిరపకాయ వడ్డించింది రాజేశ్వరమ్మ. గోంగూర లేనిదే ముద్ద దిగని మనిషి ఆచారి. క్యాంటీన్‌కు కూడా సీసా తెచ్చుకునేవాడు. ఈరోజు పప్పు తిన్నాడు, కూర తిన్నాడు, మధ్యకు గీత గీసినట్టు కుడి సగం ఖాళీ చేశాడు. ఎడమ సగం పెట్టింది పెట్టినట్టే ఉంది.

"దేవదానం సంగతి మాట్లాడాలి సార్," అంది వకుళ.

అప్పుడు రాజేశ్వరమ్మ అన్నం గిన్నెతో వచ్చింది. వంగి, రెండో చేత్తో భర్త ఆకు అంచు పట్టుకుని మెల్లగా అర్ధచంద్రంలా తిప్పింది. కొస కుడికి వచ్చింది. తిప్పి, ఏమీ జరగనట్టు అన్నం వడ్డించి లోపలికి వెళ్లిపోయింది.

ఆచారి ఆకులోకి చూశాడు. గోంగూర కనబడింది. కలుపుకుని తినసాగాడు.

వకుళ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. చచ్చినోళ్లకని ఇప్పుడే చెప్పిన మనిషి, బతికున్న భర్త ఆకు తిప్పింది. ఆ చేతిలో తడబాటు లేదు. చాలా రోజుల అలవాటు ఉన్న చేయి అది.

ఆమె మజ్జిగ తాగి లేచింది.

*

మూడు గంటలకల్లా ల్యాబులో ఉంది. కళ్లద్దాలు రాసుకున్న రాతలు కేంద్రంలోనే భద్రంగా ఉన్నాయి. ఇన్నాళ్లూ వాటిని తీసి చూడాలని ఎవరికీ తోచలేదు. ఆచారి చూపును అనుమానించడమంటే త్రాసును ఇంకో త్రాసులో వేసి తూచడమే.

మొదటి పాఠం తెరమీదికి తెచ్చింది. ఆయన చూపు తిరిగిన దారులన్నీ ఎర్ర దారాల్లా ఫోటో అంతా అల్లుకుని ఉన్నాయి. రెండో పాఠం తెచ్చింది. కుడి సగమంతా దారాలే. ఎడమ సగం, మగ్గం మీద నేసేవాడు లేచిపోయిన చీరలా బోడిగా ఉంది. నెలన్నరలో ఆయన చూపు ఒక్కసారి కూడా అటు పోలేదు.

యంత్రం తప్పు చేయలేదు. గురువు ఎలా చూశాడో అలాగే చూస్తోంది.

రెండో పాఠానికి నెల ముందు ఆచారి కామెర్లని చెప్పి ఇరవై రోజులు సెలవు పెట్టిన సంగతి వకుళకు గుర్తొచ్చింది. అవి కామెర్లు కావు. ఆమె రెండు చేతుల్లో ముఖం దాచుకుని నిమిషం కూర్చుంది. పన్నెండేళ్ల క్రితం తనకు మొదటి పొగను చూపించింది ఆయన. "వెతకద్దు తల్లీ, ఊరికే చూడు, అదే వస్తాది" అన్నది ఆయన.

తర్వాత లేచి ముఖం కడుక్కుంది. ఏడవడానికి శనివారం తర్వాత కూడా రోజులుంటాయి.

కొత్తగా పాఠం చెప్పడానికి నెలలు కావాలి. ఉన్నది రెండు రోజులు. వకుళకు రాజేశ్వరమ్మ చేయి గుర్తొచ్చింది. ల్యాబులోని కన్ను ముందు మంగళవారం నాటి ఫోటో పెట్టింది. ఏమీ లేదు అంది. అదే ఫోటోను సగం చుట్టు తిప్పి, తలకిందులుగా పెట్టింది. ఎడమ అంచు కుడికి వచ్చింది.

పొగ ఉంది అంది కన్ను. ఎత్తు మూడు వందల పన్నెండు కిలోమీటర్లు.

*

"ప్రతి ఫోటోనూ రెండుసార్లు చూడమని చెప్పాలి, ఒకసారి మామూలుగా, ఒకసారి తిప్పి. నాలుగు వరసల ఆజ్ఞ మేడం, ఇంకేం మార్చం," అంది వకుళ శుక్రవారం ఉదయం.

సుచరిత పరీక్షల ఫలితాలన్నీ చూసింది. "మందు బాగుంది. జబ్బు ఏంటి?"

"సోమవారం చెప్తాను."

"కారణం తెలియకుండా నేను సంతకం పెట్టను."

"నాకు తెలిసింది. కానీ అది చెప్పాల్సింది నేను కాదు. చెప్పాల్సిన వాళ్లకు రెండు రోజులు గడువివ్వండి." వకుళ మెడలో కార్డు తీసి, దేవదానం కార్డు పెట్టిన చోటే పెట్టింది. "రేపు నౌక మనకు దక్కకపోతే దీన్ని కూడా తీసుకోండి."

సుచరిత ఆ కార్డునూ ఆమె ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. "మొండిదానివి," అని సంతకం పెట్టింది. "కార్డు ఇక్కడే ఉండనీ."

పదకొండున్నరకు ఆజ్ఞ వెళ్లింది. గంటన్నర తర్వాత, అందింది అని జవాబు వచ్చింది.

సాయంత్రం ఆచారి సెలవులోనే ఉన్నా కేంద్రానికి వచ్చి తన పాత బల్ల దగ్గర కూర్చున్నాడు. వకుళ వెళ్లి ఆయన ఎడమ భుజానికి మూరెడు దూరంలో నిలబడింది. ఆయన కాగితాలు సర్దుకుంటూనే ఉన్నాడు. గోడ గడియారంలో మూడు నిమిషాలు గడిచాయి. చివరికి ఏదో వెతుకుతూ తల పూర్తిగా తిప్పి, ఉలిక్కిపడ్డాడు.

"ఎప్పుడొచ్చినావు?"

"మీకు కనబడకముందు నుంచీ ఇక్కడే ఉన్నా సార్."

ఆయన చేతిలోని కాగితాలు బల్లమీద పడ్డాయి. వకుళ వాటిని సర్ది పెట్టింది.

"నా రిపోర్టు అయిపోయింది. ఒక్క పేరు రాసేచోట మాత్రం ఖాళీ వదిలినా. దేవదానం పేరైతే అందులో ఉండదు. ఎవరి పేరు రాయాలో సోమవారం పది గంటలకు మీరే చెప్పండి. చెప్పకపోతే నేనే రాస్తా. మనసొప్పదు గానీ, రాస్తా సార్."

శనివారం పదకొండుకు విహంగి అయో పక్కగా గురుగ్రహం చాటుకు వెళ్లి మాట్లాడటం మానేసింది. ఆరు గంటలు అందరూ బొరుగులు నములుతూ, నీళ్లు తాగుతూ, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు. ఐదింటికి రావాల్సిన సంకేతం రాలేదు. ఐదూ పదికి రాలేదు. ఐదూ ఇరవై రెండుకు ఒక ఫోటో వచ్చింది. తలకిందులుగా ఉన్న అయో, కుడి అంచున పొగ, కింద ఒక వరస: చూశాను, తప్పుకున్నాను. పొగకూ నౌకకూ నలభై కిలోమీటర్లు.

సుచరిత లేచి వచ్చి వకుళ కార్డు ఆమె చేతిలో పెట్టింది. రెండో కార్డు మాత్రం తన సొరుగులోనే ఉంచింది.

*

సోమవారం పది గంటలకు మళ్లీ అదే గది, అవే కుర్చీలు. దేవదానాన్ని పిలిపించారు. అతను వచ్చి ఆచారికి ఎడమవైపు కూర్చున్నాడు, ఎటూ చూడకుండా. వకుళ రిపోర్టు తెరిచింది. పేజీ అడుగున ఖాళీ గీత ఉంది.

ఆచారి చేయెత్తాడు.

"మూసేయ్ తల్లీ. నేను చెప్తా. మేడం, నాకు కామెర్లు రాలేదు. పదిహేడు నెలల కిందట పొద్దున పళ్లు తోముకుంటా ఉంటే అద్దంలో నా ముఖం సగమే కనబడింది. మెదడులో రక్తం గడ్డ అన్నారు. చేయీ కాలూ బాగుపడినాయి. చూపులో ఎడమ సగం పోయింది. రెండు కళ్లలోనూ. ఇంక రాదని డాక్టరు మొదటి రోజే చెప్పినాడు. ఇంట్లో ఆమెకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

"రెండో పాఠం చెప్పల్ల అని మీరు కబురు పెట్టినప్పుడు నేను కాదనల్ల. నిజంగా అనాలనే వచ్చినా. మెట్లెక్కుతా ఉంటే గోడమీద బోర్డు చూసినా. మీ పేర్ల పక్కనంతా డిగ్రీలు. నా పేరు పక్కన ఏముంది? పదో తరగతి ఫోటోలు కడిగేవాణ్ణి. కన్నే నా డిగ్రీ. అది పోయిందంటే నేనెవర్ని అనిపించింది. తల తిప్పి తిప్పి చూస్తే చాలులే, నెట్టుకొస్తాలే అనుకున్నా. కానీ కనబడనిది కనబడలేదని మనిషికి తెలియదు మేడం. అక్కడ నల్లగా ఉండదు. ఖాళీగా ఉండదు. అసలు ఆ పక్క అనేదే ఉండదు. అద్దాలు పెట్టుకుని కూర్చున్నాక తల తిప్పేది కూడా మర్చిపోయినా. నా గుడ్డితనం మూటగట్టి ఆకాశానికి పంపించినా. అది పాపం, నేను నేర్పిందే నేర్చుకునింది.

"మంగళవారం వకుళ ఎడమ అంచు అన్న మాట నోట్లోంచి రాగానే నాకు అర్థమైపోయింది. ఆ నిమిషానే చెప్పుంటే మూడు రోజులు మిగిలేవి. వీడు సార్ సార్ అని రెండుసార్లు పిలిచినాడు. నేను గోడకేసి చూస్తా కూర్చున్నా. వీడు కార్డు తీసి పెట్టిన చప్పుడు తలుపు అవతల నిలబడి విన్నా. విని ఇంటికి పోయి అన్నం తిన్నా.

"రిపోర్టులో నా పేరు రాయండి. కమలాకరాచారి అని పూర్తిగా రాయండి. నా జబ్బు వల్ల జరిగిందని మాత్రం రాయొద్దు." ఆచారి కుర్చీలో పూర్తిగా పక్కకు తిరిగాడు. దేవదానం ముఖం ఎదురుగా వచ్చేదాకా తిరిగి, అక్కడ ఆగాడు. "రాకెట్టుకు ఎడమ అంచు కనబడకపోయింది నా జబ్బు వల్ల. ఆ రోజు నా ఎడమ పక్కన నువ్వు కూర్చున్నావని నాకు బాగా తెలుసు నాయనా. తెలిసే తల తిప్పలేదు."